మల్లేశం అన్న, కల్లివెల్లి పాటలు

నిన్న పొద్దున ఫోన్ తీస్తే పాత రూమ్‌మేట్స్ గ్రూపులో ఒకటే లైన్.

"మల్లేశం అన్న లేడు. హార్ట్ ఎటాక్."

మూడుసార్లు చదివాను. పోయిన వారమే మాట్లాడాడు. మోకాళ్ల నొప్పులన్నాడు, గుండె సంగతే ఎత్తలేదు.

తొంభైల మొదట్లో గల్ఫ్‌లో, రైసూత్ అనే ఊళ్లో మాది ఒకే రూమ్. అన్నది జగిత్యాల వైపు, మేస్త్రీ. నేను కాకినాడ వాణ్ణి, అదే కంపెనీలో టైమ్‌కీపర్. నాలుగు ముక్కలు ఇంగ్లీష్ వచ్చని నాకు కాస్త పొగరు కూడా.

ఒక ఫోర్‌మన్ తన దేశం వెళ్లిపోతూ అన్నకో క్యాసెట్ ఇచ్చాడు. అమెరికా కంట్రీ పాటలు. కవర్ మీద గడ్డాలు, టోపీలు, "అవుట్‌లా" అనే మాట.

"గిదేంది తమ్మీ?"

"చట్టానికి దొరక్కుండా తిరిగేవాళ్లు అన్నా."

"అంటే కల్లివెల్లిగాళ్లా!"

రూమంతా నవ్వాం. కంపెనీ వదిలి పారిపోయి, కాగితాల్లేకుండా బతికేవాళ్లని అక్కడ అలాగే అంటారు.

అన్న మాత్రం నవ్వలేదు. వాళ్ల తమ్ముడు నర్సయ్య అదే దేశంలో ఖబూరా అనే ఊళ్లో తోటపని వదిలేసి కల్లివెల్లి అయ్యాడు. రెండేళ్లుగా ఉత్తరం లేదు.

ఇక ప్రతి శుక్రవారం, సెలవునాడు, అదే క్యాసెట్. మొదట్లో నాకు చచ్చేంత విసుగు. తర్వాత అలవాటైంది, ఆపైన ఇష్టమైంది. రెండు గిటార్లు, ఒక గరుకు గొంతు. కష్టం చెప్పుకుంటాడు, ఏడవడు.

"అర్బాబ్‌కు సలాం కొట్టే గొంతు గాదు తమ్మీ ఇది" అనేవాడు అన్న. బాస్‌కి తల వంచడని. అంతకంటే మంచి రివ్యూ నేను ఇప్పటికీ రాయలేను.

ఒకరోజు చివరి పాట ఆపి, ఏమంటున్నాడని అడిగాడు. ఆ పాటలో మనిషి, ఇక నేను రాను, నాకోసం చూడొద్దు అంటాడు.

అన్న మొహం చూశాను. "కాస్త లేటవుతుంది గానీ ఇంటికొస్తా అంటున్నాడు" అన్నాను.

నర్సయ్య రాలేదు. కాగితాల్లేనివాళ్లు శిక్ష లేకుండా ఇంటికి పోవచ్చని ఆమ్నెస్టీ ఇచ్చినప్పుడూ రాలేదు. ఇంట్లోవాళ్లు కర్మ చేసేద్దామంటే అన్న చేయనివ్వలేదు. నా అబద్ధం వల్లేనని చాలా ఏళ్లు బాధపడ్డాను.

పోయిన ఏడాది ఫోన్‌లో ఒప్పేసుకున్నాను.

"నాకెరికే తమ్మీ. మెస్సుల గోవాయన అప్పుడే అసలు అర్థం చెప్పిండు. నువ్వు చెప్పిందే మంచిగనిపిచ్చింది. గదే పట్టుకున్న."

అన్నా, ఇంక ఎదురుచూసింది చాలు. నిశ్చింతగా పడుకో.