పుట మీద పసుపు

సిరిసిల్లలో చంద్రమౌళి అద్దకం కార్ఖానాలో రంగు విషయంలో శారద మాటే చివరి మాట. తొట్టిలోంచి తీసి ఆరబెట్టిన నూలు కట్టలు, చిలపలంటారు వాటిని, ఆమె ముందుకు వచ్చేవి. నమూనా గుడ్డ పక్కన పెట్టి ఒక్క చూపు చూసేది. "ఇది పోనీయుండ్రి. ఇది మళ్ల ముంచుండ్రి" అనేది. చింతపండు రంగుకూ ఇటుక రంగుకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆమె కన్ను పట్టేసేది. కార్ఖానాలో అంత విలువున్న మనిషికి ఇంట్లో పూచికపుల్ల విలువ లేదు.

అత్త రాజలక్ష్మి సర్కారు బడిలో టీచరుగా చేసి రిటైరైంది. ఊళ్ళో సగం మంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే. కోడలు ఏడో తరగతితో ఆగిపోయిందన్న సంగతి ఆమెకు పెళ్ళినాటి నుంచీ ముల్లే. ఒకసారి శారద తండ్రి కూతుర్ని చూడవచ్చి, వాకిట్లో చాప మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. రాజలక్ష్మి పేపరు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"సదువు. మీ నాయన గూడ ఇంటడు."

శారద ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. తప్పు పోయిన ప్రతిచోటా అత్త నవ్వింది, పక్కింటివాళ్ళను పిలిచి మరీ వినిపించింది. తండ్రి చాయ గ్లాసు సగంలోనే దించి లేచిపోయాడు. ఆ తర్వాత ఆయన ఆ గడప తొక్కలేదు. రెండేళ్ళకు పోయాడు.

శారద భర్త సునీల్ మస్కట్‌లో పని చేస్తాడు. పోయిన సెలవుకు వచ్చినప్పుడు తల్లి కోసం పుస్తకాలు చదువుకునే మిషను ఒకటి తెచ్చాడు. పలక అంత ఉంటుంది, అందులో వందల పుస్తకాలు. అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దదవుతుంది. రాజలక్ష్మి దాన్ని ఒళ్ళోంచి దించేది కాదు.

సునీల్ వెళ్ళిపోయిన కొన్నాళ్ళకు, సందెవేళ, ఆమె శారదను పిలిచింది. గొంతులో ఎప్పుడూ లేని తడబాటు.

"శారదా, గీ కాయితం ఏం రంగు కొడుతున్నది?"

శారద వంగి చూసింది. పుట నిండా పసుపు కలిపిన పాలలాంటి రంగు. ఎందుకో ఆమెకు తెలుసు. తన ఫోనూ పొద్దు గూకితే అట్లాగే మారుతుంది. కళ్ళకు హాయిగా ఉండాలని వెలుతురు దానంతటదే పసుపెక్కుతుంది, తెల్లారితే మళ్ళీ తెల్లబడుతుంది. మొన్న ఇంటి నెట్టు కలిపిన రోజున ఈ మిషనులోనూ ఆ గుర్తు కొత్తగా వెలగటం ఆమె చూసింది. ఆ మాట చెప్పబోయింది. తలెత్తేసరికి అత్త మొహం కనిపించింది. ఆ మొహంలో భయం చూడటం శారదకు అదే మొదటిసారి.

"తెల్లగనే ఉన్నది గదా అత్తమ్మా."

"సక్కగ సూడు. పస్పు లెక్క లేదా?"

"నాకైతే మల్లెపువ్వు తీరు కొడుతున్నది."

రాజలక్ష్మి మిషను మూసేసింది. శారద వంటింట్లోకి వెళ్ళి అన్నం వార్చింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ రాత్రి ఆమెకు అన్నం రుచిగా అనిపించింది.

అప్పటి నుంచి సందెపడితే అదే ప్రశ్న, అదే జవాబు. గోడ తెల్లగానే ఉందనీ, అక్షరాల దగ్గరికి వచ్చేసరికే రంగు మారుతోందనీ రాజలక్ష్మి చెప్పుకుంది. శారద జాలిగా తల ఊపింది. "మా అమ్మమ్మకు గూడ ముందుగాల దగ్గరి సూపే పోయింది అత్తమ్మా. అటెన్క మనుషులు."

ముసలామె సగం అయిపోయింది. కళ్ళు పోతున్నాయంటే లోకం జాలిపడుతుందని ఎవరికీ చెప్పనివ్వలేదు. "సునీల్‌కు అసలే చెప్పకు, ఆడ పని ఇడిశిపెట్టి అస్తడు" అంది. చదవటం మానేసింది. ఆఖరికి ఒకనాడు మిషను కోడలి చేతిలో పెట్టి, "కొంచెం సదివి ఇనిపియ్యవా బిడ్డా" అని అడిగింది. శారద చదివింది. కావాలనే తప్పులు చదివింది, మధ్యలో పుటలు ఎగరగొట్టింది. కథ అతకటం లేదని అత్తకు తెలుస్తూనే ఉంది. ఒక్క తప్పూ దిద్దలేదు. "మంచిగ సదువుతున్నవ్" అంది మెల్లగా.

అక్కడితో ఆపేయవచ్చునని శారదకు అనిపించకపోలేదు. తండ్రి దించిన సగం గ్లాసు గుర్తొచ్చి ఆపలేదు.

కోరుట్లలో ఉండే ఆడబిడ్డ పద్మ ఒకనాడు పొద్దున్నే తల్లిని చూడవచ్చి, చిక్కిపోయిన మనిషిని చూసి బెంబేలెత్తింది. విషయం రాబట్టి అప్పటికప్పుడే జగిత్యాల కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. శారద కూడా వెళ్ళింది. డాక్టరు మందు చుక్కలు వేసి, దీపాలు పెట్టి చూసి, వయసుకు తగ్గ చూపు ఉందన్నాడు. మిషను తీసి చూపించారు. పట్టపగలు, పుట తెల్లగా ఉంది.

"పొద్దుగూకితేనే పస్పు కొడుతది సార్."

"మీ ఇంట్లో ఇంకెవరికైనా అట్ల కనిపిస్తుందా?"

రాజలక్ష్మి కోడలి వైపు చూసింది. శారద తల అడ్డంగా ఊపింది. డాక్టరు పద్మను పక్కకు పిలిచి, మనసుకు సంబంధించిన డాక్టరుకు ఒకసారి చూపించండి అన్నాడు. ఆ మాట ముసలామె చెవిన పడనే పడింది. ఆసుపత్రి మెట్లు దిగుతూ కొంగుతో మొహం కప్పుకుంది.

"అమ్మను నాలుగొద్దులు నా తాన ఉంచుకుంట వదినా" అంది పద్మ. శారద ఎన్ని సాకులు చెప్పినా వినలేదు. తల్లీ కూతుళ్ళు మిషనుతో సహా కోరుట్ల బస్సెక్కారు, శారద సిరిసిల్ల బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని సాయంత్రం కాకూడదని కోరుకుంది.

వారం తిరక్కుండానే ఇద్దరూ వచ్చారు. రాజలక్ష్మి నడకలో పాత బిగువు వచ్చింది. శారదను ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రమే చంద్రమౌళిని ఇంటికి పిలిపించింది. అతనూ ఆమె శిష్యుడే. వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కూసో చంద్రమౌళీ. నీకు నష్టం కాకముందే ఒక మాట చెప్పాలె." మిషను తెరిచి అతని చేతికిచ్చింది. "ఇదేం రంగు కొడుతున్నది?"

"పసుపు టీచర్. రాత్రి లైటు గదా, అట్లనే ఉంటది."

"పద్మా, నీకు?"

"పస్పే అమ్మా."

రాజలక్ష్మి దాన్ని తీసుకుని కోడలి ముందు పట్టింది. "మా కోడలికి మాత్రం తెల్లగ కొడుతదట. రోజు అడిగిన, రోజు గదే చెప్పింది. పాపం, దాని కండ్లకు రంగులు తెలుస్తలేనట్టున్నది. లేకుంటే తెలిసి చెప్పింది అనుకోవాలె. తెలిసి చెప్తే సునీల్‌కు నేనేం చెప్పాలె? నువ్వే చెప్పు శారదా. ఇదేం రంగు?"

శారద పుటను చూసింది. అంత పసుపు ఆమె ఏ తొట్టిలోనూ చూడలేదు. పసుపు అంటే, ఒక ముసలిదాన్ని పిచ్చిదాన్ని చేసిన కోడలు. సునీల్ తల్లి మీద ఈగ వాలనివ్వని మనిషి. తెలుపు అంటే, పోయేది కార్ఖానాలో చోటే.

"తెల్లగనే ఉన్నది అత్తమ్మా" అంది.

చంద్రమౌళి నిట్టూర్చాడు. "గిట్లయితదని అనుకోలే శారదక్కా" అని లేచాడు. పద్మ ఏడ్చింది. రాజలక్ష్మి ఏడవలేదు. చాయ పెట్టమంది, పెడితే తాగింది.

మర్నాడు కార్ఖానాలో శారదను కండెలు చుట్టే రాట్నం దగ్గర కూర్చోబెట్టారు. ఆమె చోటులోకి కృపారాణి అనే అమ్మాయిని తెచ్చారు. తండ్రి లేని పిల్ల, కొత్త కొలువు.

ఓ ఉదయం పెద్ద గిరాకీ కోసం మెరూన్ చిలపలు దిగాయి. కృపారాణి నమూనా పక్కన పెట్టి చూసి, ఎటూ తేల్చుకోలేక శారద దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఇవి సరిపోయినయా? నాకు సమజైతలేదు."

చిలపల రంగు కాఫీ గింజ రంగు వైపు ఒరిగి ఉంది. చూరు కింది మసక వెలుతురులో కూడా శారదకు కొట్టొచ్చినట్టు కనిపించింది. అవతల గల్లాపెట్టె దగ్గర నుంచి చంద్రమౌళి ఇటే చూస్తున్నాడు.

"నాకేం తెలుస్తది పిల్లా. నా కండ్లు మంచిగ లెవ్వు గదా."

చిలపలు మగ్గాలకు వెళ్ళాయి. రంగు తప్పిందని చీరలన్నీ తిరిగొచ్చిన రోజున చంద్రమౌళి కృపారాణిని అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టి, మధ్యాహ్నం కాకముందే ఇంటికి పంపేశాడు. ఆ పిల్ల టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, కళ్ళు తుడుచుకుంటూ శారద పక్కనుంచే వెళ్ళింది. శారద దారం తెగిన చోట ముడి వేసి, రాట్నం తిప్పింది.