మేత ఆపిన చెరువు

మావయ్య పోయారన్న కబురు దీపాలు పెట్టే వేళకు వచ్చింది. తాడేపల్లిగూడెంలో మా ఇంటి ముందుగదిలో ఎవరిదో వంటిల్లు గీస్తూ కూర్చున్నాను. అత్త ఫోను చేసి, "మీ మావయ్య మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారమ్మా. లేపితే లేవలేదు," అంది. ఆవిడ గొంతులో అప్పటికింకా ఏడుపు లేదు, ఆశ్చర్యమే ఉంది.

తెల్లవారుజామున మొదటి బస్సెక్కి కొల్లేటి వైపు బయల్దేరాను. రోడ్డుకు రెండు పక్కలా చెరువులే. మంచులో గట్టేదో, నీళ్లేదో తెలియలేదు. బస్సు ఆకాశం మీద వెళ్తున్నట్టుంది. ఆయన పోలేదని, నేనే ఏదో తప్పు బస్సు ఎక్కానని కాసేపు నమ్మాను కూడా.

ఆయన మా అమ్మకు తమ్ముడు. చేపల చెరువుల్లో పట్టుబడి మేస్త్రి. చేప ఎదిగాక రైతు కబురు పెడితే, తన మనుషులతో వెళ్లి వల లాగి, చేపను లారీ ఎక్కించేదాకా బాధ్యత ఆయనదే. ఏ కంపెనీ మనిషీ కాదు, ఎవరి దగ్గరా జీతగాడు కాదు. పిలిస్తే పని, లేకపోతే లేదు. ఆ పిలుపుల్లో సగం గాలి కబుర్లే. "ఎల్లుండి ఉండొచ్చండీ మేస్త్రిగారూ, మనుషుల్ని ఆపి ఉంచండి" అంటారు. ఎల్లుండికి ధర పడిపోతే ఫోను ఎత్తరు.

అలాంటి పిలుపు వస్తే మావయ్య ఔననేవారు కాదు, కాదనేవారూ కాదు. "అలాగేనండీ, చూద్దామండీ" అని, మోపెడ్ మీద షికారుకు వెళ్లినట్టు ఆ చెరువు గట్టుకు వెళ్లి వచ్చేవారు. మా వైపు తవుడును చిల్లుల సంచుల్లో పోసి నీళ్లలో పాతిన కర్రలకు కడతారు. చేపలొచ్చి పొడుచుకు తింటాయి. పట్టుబడికి ముందురోజు ఆ సంచులు తీసేస్తారు, కడుపు ఖాళీగా ఉన్న చేపే దూరప్రయాణానికి తట్టుకుంటుంది కాబట్టి. కానీ మేత ఆపితే చేప బరువు తగ్గుతుంది. కొనేవాడు ఖాయమైతే తప్ప ఏ రైతూ ఆ పని చేయడు. మావయ్య చూసి వచ్చేది ఆ సంచులనే.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నేను ఇళ్ల ప్లాన్లు గీస్తాను. ఆఫీసు మానేసి సొంతంగా మొదలుపెట్టిన కొత్తలోనే మా ఆయన ఉద్యోగం పోయింది. ఇల్లంతా నా గీతల మీదే నడవాలి. సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి ఒక కంపెనీవాళ్లు, పెద్ద అపార్టుమెంట్ల పని మీకే ఇస్తాం, వేరే పనులు పెట్టుకోకండి అన్నారు. ఎగిరి గంతేశాను. గూడెంలో ఒక రైసుమిల్లాయన గోడౌనుకు ప్లాను గీసిపెట్టమని తిరుగుతుంటే, ఇదిగో అదిగో అని తప్పించుకున్నాను. వారాలు గడిచిపోయాయి. కంపెనీవాళ్లు మాత్రం ఎప్పుడు ఫోను చేసినా తియ్యగానే మాట్లాడేవారు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడుతోంది.

ఒకరోజు మావయ్య కొర్రమీను పట్టుకుని వచ్చారు. నేను గొప్పగా ఈ కబురంతా చెప్పాను. ఆయన కాఫీ చల్లార్చుకుంటూ విన్నారు.

"బానే ఉందమ్మాయ్. నిన్ను అన్నీ ఆపుకోమన్నారు, సరే. వాళ్లేం ఆపుకున్నారు?"

"వాళ్లు ఆపుకోడమేంటి మావయ్యా?"

"రేపు నాతో రా."

చేపల చెరువుకీ అపార్టుమెంట్లకీ ఏం సంబంధమని లోపల విసుక్కున్నాను. అయినా వెళ్లాను.

ఆ ఉదయం నాకిప్పటికీ కలలాగే ఉంటుంది. నీళ్లూ ఆకాశమూ ఒకే పాలరంగు. గూడకొంగలు మంచులోంచి ఒక్కొక్కటే వచ్చి, మళ్లీ మంచులోకే పోతున్నాయి. చెరువు మధ్య తవుడు సంచులు వరసగా వేలాడుతున్నాయి. వాటి చుట్టూ నీళ్లు మెల్లగా బుడబుడమంటున్నాయి. గట్టు మీద రైతు నిలబడి ఉన్నాడు.

"రేపేనండీ మేస్త్రిగారూ, ఖాయం," అన్నాడాయన.

"సంతోషమండీ," అన్నారు మావయ్య. "మేత ఆపిన పూట ఒక్క కబురెట్టండి, వచ్చేస్తాం. ఈలోగా ఉండి ఊళ్లో ఇంకో చెరువుంది, చూసుకొస్తాం. మాకు కుదరకపోతే వేరే మేస్త్రి ముఠాని నేనే పంపుతానండీ."

రైతు సంచుల వైపు చూసి నవ్వేశాడు. ఇద్దరిలో ఎవరూ నొచ్చుకోలేదు.

ఇంటికొచ్చి కంపెనీకి ఫోను చేశాను. స్థలం కొలతలూ మట్టి పరీక్ష కాగితాలూ పంపిస్తే ఇవాళే మొదలుపెడతానన్నాను. స్థలమే ఇంకా తేలలేదట. ఫోను పెట్టేసి కూర్చుని ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని మిల్లాయన దగ్గరికి వెళ్లాను. "మీరు వస్తారనే చూస్తున్నానండీ," అన్నాడు మహానుభావుడు. ఆ గోడౌనే మమ్మల్ని ఆ ఏడాది నిలబెట్టింది.

మావయ్య లెక్క ఎప్పుడూ తప్పలేదని అబద్ధం చెప్పను. ఒకసారి సంచులు తీసిన చెరువునే నమ్మి వేరే పని వదులుకున్నారు. ఆ రైతు మనసు మార్చుకుని మళ్లీ సంచులు కట్టాడు. నేను దెప్పితే, "ఆపినవాడు మళ్లీ వెయ్యకూడదని ఎక్కడన్నా ఉందేంటమ్మా?" అని పకపకా నవ్వారు.

"మీకెందుకింత చాదస్తం? అందరిలాగే ఔనని, కుదరకపోతే ఎగ్గొట్టొచ్చుగా?" అన్నాను.

"ఒప్పుకున్నాక వెళ్లకుండా ఉండలేనమ్మా. అందుకే ఒప్పుకునే ముందు ఇంత నసుగుతా," అన్నారు.

బస్సు దిగి వెళ్లేసరికి వాకిట్లో మావయ్యను పడుకోబెట్టి ఉన్నారు. చుట్టూ ఆడవాళ్లూ, ముసలివాళ్లూ. ముఠా మనుషులు ఒక్కరూ లేరు. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు ఆయన వెంట తిరిగినవాళ్లు.

"వాళ్లంతా ఏరత్తా?"

"నేనే పంపించానమ్మా," అంది అత్త. "ఇవాళ పట్టుబడికి మీ మావయ్య ఒప్పుకున్నారు. నిన్న పొద్దున్నే ఆ చెరువులో మేత ఆపేశారు. రైతు ఫోను చేసి, ఇవాళ్టికి వద్దులెండమ్మా అన్నాడు పాపం. ముఠావాళ్లూ ఇక్కణ్ణుంచి కదలం అన్నారు. నేనే గట్టిగా చెప్పి పంపాను. మానేస్తే ఈయన ఊరుకుంటారా?"

అప్పుడు ఏడ్చింది అత్త.

ఎండెక్కాక వచ్చారు వాళ్లు. ఇళ్లకు వెళ్లలేదు, బట్టలు మార్చుకోలేదు. భుజాల దాకా తడిసి, కాళ్లకు చెరువు బురదతో నేరుగా వచ్చి పాడె ఎత్తుకున్నారు. వాళ్ల లుంగీల నుంచి కారిన నీళ్లు వాకిలి దాటి, మట్టిదారి పొడుగునా చారలు కట్టాయి. వాళ్లు మలుపు తిరిగిపోయినా, ఆ తడి ఆరేదాకా మేమెవరమూ లోపలికి వెళ్లలేదు.