గోడవార పెట్టె

మా కుట్టు టీచరమ్మ పోయారని మొన్న ఆదివారం చర్చి మెట్ల మీద విన్నాను. ఇక్కడి గోవావాళ్ల సంఘంవాళ్లు ఆమె గురించి నాలుగు ముక్కలు రాసిమ్మన్నారు. ఏడేళ్లుగా నా నోట రాని మాట ఒకటి ఉంది. అందుకే ఈ రోజు కలం పట్టాను.

ఆమెది గోవా. రైల్వే ఉద్యోగి అయిన భర్త వెంట గూడూరు వచ్చి, ఆయన పోయాక బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతూ ఉండిపోయారు. ఇక్కడ గోవావాళ్లవి ఆరు కుటుంబాలు. రొట్టెల బట్టీ వెనక గది అద్దెకు తీసుకుని సంఘం పెట్టుకున్నారు. గోడవార వరసగా ట్రంకు పెట్టెలు. ఊరు విడిచి ఎవరొచ్చినా పెట్టె దించుకోను చోటుండాలి, జబ్బుపడితే పక్కన మనిషుండాలి, దీపాల వేళ అందరూ కలిసి జపం చేయాలి. వాళ్ల నియమాలు ఇంతే.

మా అత్తగారు నన్ను ప్రార్థనకు తప్ప గడప దాటనిచ్చేవారు కాదు. వాళ్ల జపానికని వెళ్లి, మా చర్చిలో జపమాల వాడరని నేను ఆ గది గుమ్మంలో నసుగుతుంటే, "మాల లేకపోతే ఏమమ్మా, వేళ్లు లేవా? రా, కూర్చో" అన్నారు టీచరమ్మ.

అప్పట్లో గోవా పోర్చుగీసువాళ్ల కింద ఉండేది. సరిహద్దు మూసేశారు. చూపు పోయిన తల్లి అక్కడ, ఈమె ఇక్కడ. పెట్టె సర్ది, పిడి గుమ్మం వైపు తిప్పి పెట్టుకున్నారు. "దారి తెరిస్తే పట్టుకుని పోవడమే, వెతుక్కోబళ్లా" అనేవారు.

గోవా మన దేశంలో కలిసింది. దారి తెరుచుకుంది. ఆమె బయలుదేరే రోజు పొద్దున, ఆ గదిలో ఉండే ముసలి వంటాయనకు పక్షవాతం వచ్చింది. మగవాళ్లకు డ్యూటీలు, ఆడవాళ్లకు చంటిపిల్లలు.

"మేం చూసుకుంటాంలే, నువ్వు పో అక్కా" అన్నాడు బట్టీ ఆయన.

"నువ్వా? బట్టీలో రొట్టె మాడతా ఉంటేనే చూసుకోవు, మనిషిని చూస్తావా?" అని నవ్వి, ఆమె నా వైపు చూశారు. ఒక్క క్షణమే.

నేనుంటానని అనగలిగేదాన్నే. నాకు పిల్లలు లేరు, పగలంతా తీరికే. అత్తగారు ఏమంటారోనని తల వంచుకుని వేళ్లు లెక్కపెట్టుకున్నాను. ఆమె పెట్టె మీద కూర్చుని చెప్పులు విప్పేశారు.

నెల రోజులు ఆయనకు గంజి తాగించారు, ఒళ్లు తుడిచారు. ఆయన కర్ర పట్టుకుని నడిచిన వారంలోనే, తల్లి పోయినట్టు ఉత్తరం వచ్చింది.

"అప్పుడు వాళ్లు గేటు వేసినారు, ఇప్పుడు నేనే వేసుకున్నా" అన్నారు. ఉత్తరం మడిచి, "ఆయన్ని వదిలేసి పోయుంటే ఈ గదెందుకమ్మా మనకు?" అన్నారు.

నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ సాయంత్రం కూడా జరిగి పక్కన చోటిచ్చారు. అప్పటినుంచి అక్కడ జపానికి కూర్చున్న ప్రతిసారీ, బయట ఎవరో గడియ పెట్టినట్టే ఉండేది నాకు.

మొన్న సంఘంవాళ్లు ఆమె పెట్టె తెరిచారు. పైనే తల్లికి కుట్టిన నల్ల గౌను, మడత విప్పనిది. సంఘంవారూ, ఈ కాగితాలు ఆ గౌను కింద ఉంచండి. ఎవరికీ చూపించకండి. పెట్టెను మాత్రం కదపకండి. దాని పిడి ఇంకా గుమ్మం వైపే ఉంది.