ఆయా పెట్టలేదు

డెబ్బైల చివర్లో విశాఖపట్నంలో ఒక ఆస్పత్రిలో నర్సింగు ట్రైనింగు చేశాను. హార్బరు వైపు నుంచి ఎగిరొచ్చే ఇనుప ఖనిజం దుమ్ముకి, ఎంత ఉతికినా మా తెల్ల యూనిఫారాలు ఎర్రబారేవి. మా బ్యాచ్‌లో ఎక్కువమందిమి క్రైస్తవ పిల్లలమే. సాయంత్రాలు హాస్టల్లో కలిసి ప్రార్థన చేసుకునేవాళ్ళం. నా గదిలో ఉండే అమ్మాయిది దువ్వాడ. వాళ్ళ నాన్న రైల్వే ఉద్యోగం కోసం గోదావరి నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. నాకు జ్వరమొస్తే గంజి కాచి తాగించిన పిల్ల ఆమె.

రెండో ఏడాదిలో ఒక మధ్యాహ్నం, ఆపరేషనైన ముసలావిడ వార్డులో చలికి వణికిపోతోంది. వార్డంతటికీ నర్సులం మేమిద్దరమే. నా స్నేహితురాలు హాట్ వాటర్ బ్యాగులో సలసల కాగే నీళ్ళు పోసి, ఆవిడ పాదాల దగ్గర పెట్టి, ఇంకో మంచం దగ్గరికి పరుగెత్తింది. గది అటు చివర సెలైన్ సీసా మారుస్తూ నేను చూశాను. బ్యాగుకి గుడ్డ చుట్టలేదని అంత దూరానికి తెలియలేదు. నడుము కింద మత్తు దిగని ఆవిడకి కాలుతున్న సంగతే తెలియలేదు. దుప్పటి తీసేసరికి రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కి ఉన్నాయి.

మర్నాటికల్లా హాస్టల్లో ఒక మాట ఖాయమైపోయింది. బ్యాగు పెట్టింది వార్డు ఆయా అని. ఆమె భర్త పోయిన మనిషి. రోజూ సింహాచలం కొండ కింద నుంచి బస్సులో వచ్చేది.

మా బ్యాచ్‌కి పెద్దలా ఉండే భీమిలి పిల్ల నన్ను పక్కకి పిలిచింది. "నువ్వొక్కర్తివే సూసినావు. మేట్రన్ అడిగితే ఆయా ఎట్టిందను. అంతే."

"అబద్ధం కదే! ఆమె ఉద్యోగం పోతుంది."

"ఆయమ్మకి ఇంకోకాడ దొరుకుద్ది. మన పిల్లకి బతుకే పోతాది. ఏటే, నువ్వొక్కర్తివేనా దేవుడి పిల్లవి? మేవంతా బైబిలు సదవనోలమా?"

ఆ సాయంత్రం ప్రార్థనలో ఆ భీమిలి పిల్ల, మాలో ఐక్యత చెదరకుండా చూడమని దేవుణ్ణి వేడుకుంది. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు.

మర్నాడు వరండాలో ఆయా నా చెయ్యి పట్టుకుంది. "నాను ఎట్టనేదు తల్లీ. నువ్వక్కడే ఉన్నావు గదమ్మా. నువ్వు సెప్తే ఇంటారు."

గదికి పోయి నా స్నేహితురాలిని బతిమాలాను. "పద, ఇద్దరం కలిసి వెళ్దాం. నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడతాను."

"నాన్న చంపేస్తారే," అని నా కాళ్ళు పట్టుకుంది. ఆ తరువాత గోడవైపు తిరిగి పడుకుంది.

మేట్రన్ మమ్మల్ని ఒక్కొక్కరినీ పిలిచింది. నా ముందు వెళ్ళినవాళ్ళంతా ఆయా పేరే చెప్పారు. నా వంతు వచ్చింది.

"ఆయా పెట్టలేదండి," అన్నాను.

"మరెవరు?"

చెప్పాను. వార్డులో ఇద్దరమే ఉన్నామనీ, ఊపిరాడని పనిలో జరిగిందనీ, క్షమించమనీ ఏడ్చాను. ఆ వారంలోనే నా స్నేహితురాలిని ట్రైనింగు నుంచి తీసేశారు. పెట్టె సర్దుకుంటున్నంతసేపూ ఆమె నా వైపు చూడలేదు.

ఆయాకి ఉద్యోగం నిలిచింది. కానీ నేను ఎదురుపడితే తల దించుకుని పోయేది. "నాతో మాటాడకు తల్లీ. ఆలు సూత్తన్నారు. నన్ను ఏపుకు తింతారు," అంది ఒకసారి.

మెస్సులో నేను కూర్చుంటే పక్కవాళ్ళు కంచాలు పట్టుకుని లేచిపోయేవారు. ప్రార్థనలో నేను గొంతు కలిపితే పాట ఆగిపోయేది. కొన్నాళ్ళకి అక్కడికి వెళ్ళడం మానేసి, మేడమీద ఒక్కదాన్నే మోకరించేదాన్ని. నువ్వు చెప్పినట్టే చేశాను కదా ప్రభువా, మరెందుకు నన్నిలా వదిలేశావని అడిగేదాన్ని. ఒక అబద్ధమాడి ఉంటే ఈపాటికి అందరితో కలిసి నవ్వుతూ ఉండేదాన్నని కూడా అనిపించేది. అలా అనిపించినందుకు మళ్ళీ ఏడ్చేదాన్ని.

ఒక ఆదివారం దువ్వాడ వెళ్ళాను. వాళ్ళమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "లేదమ్మా, ఊరెళ్ళింది," అంది. గుమ్మం పక్కనే నా స్నేహితురాలి చెప్పులున్నాయి. తిరుగు బండి వచ్చేదాకా స్టేషన్లో కూర్చున్నాను.

ట్రైనింగు మాత్రం వదల్లేదు. మిగిలిన కాలమంతా మాట్లాడే మనిషి లేకుండానే పూర్తి చేశాను. తరువాత ఇంకో ఆస్పత్రిలో ఉద్యోగమొచ్చింది. ఆ పిల్ల కుట్టుమిషను పెట్టుకుందని ఎవరో చెప్పగా విన్నాను. అడిగితే ఇవాళైనా మేట్రన్‌కి అదే మాట చెబుతాను. కానీ ఆ గుమ్మం ముందుకు మళ్ళీ వెళ్ళే ధైర్యం నాకు రాలేదు.