మావ చెలమకు ఎగువన

మా వాళ్ళు నాగావళి ఒడ్డు నుంచి జంషెడ్‌పూర్ వచ్చేటప్పుడు తెచ్చుకున్న పనుల్లో ఇసుక సాగు ఒకటి. వానలు తగ్గి సువర్ణరేఖ నది ఒక పక్కకు ఒదిగాక, మాంగో పేట వైపు తేలిన ఇసుకలో గుంటలు తీసి, పెంట వేసి, దోస, ఆనప పాదులు పెట్టేవాళ్ళం. నీళ్ళకు ఎవరి చెలమ వారిది. నడుము లోతు తవ్వితే ఊరినదే ఆ పూటకు నీరు. కుండలతో కావిడి మోసి ఒక్కో పాదుకూ పోయాలి. ఒకరి చెలమకు ఎగువన ఇంకొకరు తవ్వకూడదు, నడుము దాటి లోతుకు పోకూడదు. ఇది ఎవరూ రాసిపెట్టలేదు. నాకు మాత్రం బాగా తెలుసు.

నాకీ పని నేర్పింది పక్కింటి మావ. వరసకే మావ. ఆయన ఏడాదంతా బతికేది ఆ పాదుల మీదే. నాకు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని ఉంది. సాగు నాకు డ్యూటీకి ముందు రెండు గంటల సరదా.

ఒక ఏడు మాఘంలోనే ఎండ ముదిరింది. కావిడి మోస్తే భుజం నొప్పని పాత డీజిల్ పంపు తెచ్చాను. నడుము లోతు నీరు దానికి ఒక్క గుక్క. అందుకని మావ చెలమకు ఎగువన, రెండు నిలువుల లోతుకు చిల్లుల గొట్టం దించాను. గంటలో నా పాదులన్నీ తడిశాయి. ఇంటికెళ్ళి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మూడో రోజు మావ ఖాళీ కుండలతో వచ్చాడు.

"ఒరే అల్లుడూ, నీ మోటారు ఏటి తాగుతాదిరా? డీజిలా, నా చెలమా?"

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను.

"పిందె దిగింది మావా. ఇంకొక్క వారం. తరవాత ఆపెత్తాను."

"నీకు పిందె. నాకింకా పూతేరా. వారం ఆగితే నా పాదులకి దినం సెయ్యాల. రెండ్రోజులు ఆపు బాబూ, ఊట ఎక్కుతాది."

"అలగేలే" అన్నాను.

ఆపలేదు. పక్కింటి తాతయ్య నీళ్ళు ఎందుకు లాగేస్తున్నావని మా అమ్మాయి హిందీలో అడిగితే, చదువు చూసుకోమని కసిరాను. రెండ్రోజులు కావిడి మోస్తే సరిపోయే పని అది. ఆ రెండ్రోజులే నాకు బరువయ్యాయి.

ఎనిమిదో రోజు వెళ్ళేసరికి మావ తన తీగల్ని వేళ్ళతో సహా పీకి గేదెలకు వేస్తున్నాడు. అప్పుడు పంపు ఆపాను. ఆపే ముందు పట్టిన కుండలు తెచ్చి, ఆయనవి మిగిలిన నాలుగు పాదులకు పోయబోయాను.

"సచ్చినోడి నోట్లో నీల్లు పోసి ఏటి లాబంరా? ఎల్లు, నీ డూటీకి టైమైపోతంది."

అరిచి ఉంటే బాగుండేది.

మరుసటేడు ఇసుకలో అందరికీ పంపులే. దారి చూపించింది నేను. ఒకరి కంటే ఒకరు లోతుకు దించారు. కొన్నేళ్ళకు గొట్టాల్లో బురద, ఆ తరవాత గాలి. ఇప్పుడక్కడ ముళ్ళ పొదలు తప్ప ఏమీ లేవు. నేను చేసింది సరిదిద్దాలన్నా, దిద్దడానికి ఆ ఇసుకలో నీరే లేదు.

మావ ఇప్పుడు సోనారిలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. ఇన్నేళ్ళకు మొన్న వెళ్ళి, తప్పు నాదేనని చెప్పాను.

"నువ్వు కాకపోతే ఇంకోడు తెచ్చీవోడు, మోటారు" అన్నాడు.

"ముందు తెచ్చింది నేనే కదా, మావా."

"ఔన్రా, నువ్వే" అన్నాడు. లోపల్నుంచి కారు హారను మోగింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని లేచి, గేటు తీయడానికి వెళ్ళాడు. నేను స్కూటరు పక్కకు జరిపాను.