రెట్ట దీవిలో సున్నం పని

డెబ్భైల్లో మేం ఒమన్ పోయినప్పుడు కంపెనీ మమ్మల్ని కొన్నాళ్లు రూవి పట్నంలో ఉంచి, తర్వాత దక్షిణాన సముద్రంలో ఉన్న ఒక దీవికి పంపింది. అక్కడ చెట్టు లేదు, మంచినీళ్లు లేవు. లాంచీలో డ్రమ్ములొస్తేనే వంట. వెనకట ఆ దీవి నిండా పక్షిరెట్ట గట్టిపడి ఉండేదట. పొలాలకు మంచి ఎరువని తెల్లదొరలు కూలీల చేత తవ్వించి ఓడల్లో తీసుకుపోయారు. ఉన్నదంతా ఊడ్చుకున్నాక దీవిని గాలికొదిలేశారు. ఇప్పుడు దాన్ని చూడ్డానికి అతిథులొస్తారని, కూలిన దొర బంగళాను బాగుచెయ్యమన్నారు.

నాకు మొదటి రోజే ఒళ్లు మండింది. రాళ్లు కావాలంటే పాత కూలీల గదులు ఊడదీయమన్నాడు సూపర్‌వైజర్. కాళ్లు చాపితే ఎదుటి గోడ తగిలేంత ఇరుకు గదులవి. పొయ్యిరాళ్లకు ఇంకా మసి ఉంది. దొర టీ తాగిన వరండా చూపించాలట, వీళ్లు వండుకుతిన్న చోటు అక్కర్లేదట. మా నాన్న బొగ్గుబాయిలో కప్పు మీద కూలి చనిపోయాడు. ఆ బాయి చూడ్డానికొచ్చినవాళ్లకు మిషన్లు చూపించారే గాని, తట్టలు మోసిన మనిషిని ఏనాడూ చూపించలేదు.

గోడలు అయిపోయాక సూపర్‌వైజర్ కన్ను గుట్ట మీది సమాధుల మీద పడింది. ఒక్కటి దొరది, దానికి చెక్కిన పలక ఉంది. మిగతావి కూలీలవి, వాటికి తలాపున ఒట్టి రాళ్లు.

"దొరదానికి సున్నం కొట్టండి. మిగతా రాళ్లు రేపు బంగళా మెట్లకు పట్టుకురండి. వాటికోసం ఎవడొచ్చి అడుగుతాడు?" అన్నాడు హిందీలో.

మా జిల్లావాడే అయిన మేస్త్రీ తట్ట కింద పెట్టాడు. "సచ్చినోళ్ల తలకాడి రాయి తీస్కపోయి మెట్టు ఏస్తమా? నేనైతే ముట్ట," అని మాతో అని, అదే ముక్క హిందీలో అతనికీ చెప్పాడు.

"అయితే రేపటి లాంచీలో ఇంటికి పో," అన్నాడు సూపర్‌వైజర్.

మా బాయి మీదికి పెద్ద ఆఫీసరు వస్తున్నాడంటే దారి వెంట రాళ్లకు సున్నం కొట్టేవాళ్లు. సున్నం పడ్డ రాయి దొరల సొత్తయినట్టే, ఇక దాన్ని ఎవడూ కదిలించడు. ఆ కోపంలో నాకదే తోచింది. దొర సమాధికి కొట్టగా మిగిలిన సున్నంతో ఆ సాయంత్రం తలాపు రాళ్లన్నిటికీ కొట్టేశాను. చేతులు పొక్కాయి. మేస్త్రీ బకెట్ పట్టుకుని నా వెంట నడిచాడు.

పని ఎంతవరకొచ్చిందో చూద్దామని పొద్దున లాంచీ దిగిన అతిథులు బంగళా వైపు చూడనే లేదు, తెల్లగా కనిపిస్తున్న గుట్ట మీదికే నడిచారు. వాళ్లలో ఒక తెలుగావిడ ఉంది, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన రూవి ఆఫీసు పెద్ద ఇంజనీరు భార్య. మేస్త్రీని చూసి, "ఇవన్నీ ఎవరివయ్యా?" అని అడిగింది.

సూపర్‌వైజర్ మేస్త్రీని మింగేసేలా చూశాడు.

"మావోళ్లయే అమ్మా. ఈడ పని జేస్తజేస్తనే పోయిండ్రు."

ఆవిడ చెప్పులు విడిచి పక్కన పెట్టింది. ఆమెను చూసి మిగతావాళ్లూ విడిచారు. అందరి వెనకా నిలబడ్డ సూపర్‌వైజర్ కూడా, ఇంజనీరు తనవైపే చూస్తుంటే, వంగి బూట్ల లేసులు విప్పుకోక తప్పలేదు.