ఒక్కసారే అడిగే ఊరు

బెంగళూరులో పది రోజుల ట్రైనింగు అన్నప్పుడు నా భయమంతా సాయంత్రాల గురించే. పగలు ఎలాగోలా గడుస్తుంది. మంగంపేటలో ముగ్గురాయి పొడి పరీక్షించే ల్యాబులో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నదాన్ని, కొత్త మిషను నేర్చుకోవడం నాకేమంత కష్టం కాదు. ఐదు గంటలకు ఆ మిషను ఆపేశాక ఏం చేయాలి? ఇంట్లో అయితే ఆ వేళకి పొయ్యి ఉంటుంది, పిల్లల హోంవర్కు ఉంటుంది, అత్తగారి మాత్రలుంటాయి. హాస్టలు గదిలో ఉన్నదల్లా ఒక మంచం, ఒక ఫ్యాను. మొదటిరోజు కాలుగాలిన పిల్లిలా ఆ గదంతా తిరిగాను. ఆరున్నరకు ఇంటికి ఫోన్ చేస్తే మా ఆయన బాగానే మాట్లాడాడు. ఏడున్నరకు మళ్ళీ చేస్తే, ఇందాకే కదా చేశావని విసుక్కున్నాడు.

నాతోపాటు ట్రైనింగుకు వచ్చిన అమ్మాయిది కడప. మా ల్యాబులోనే పని, నాకంటే పదమూడేళ్ళు చిన్న. వాళ్ళ నాన్న భుజాలమీద కూర్చుని ఉరుసులో కవ్వాలీలు వింటూ పెరిగిన పిల్ల. పాట ఎక్కడుంటే అక్కడికి పోవడం ఆమెకు మంచినీళ్ళు తాగినంత మామూలు. రెండోరోజు సాయంత్రం నా తలుపు కొట్టి, "ఈడ కూర్చోని ఏం చేస్తాండావక్కా? పా, పాటలు విందాం," అంది.

మొదట పోయింది బీరు అక్కడికక్కడే కాచి పోసే ఒక పెద్ద హాలుకు. మేమిద్దరం నిమ్మకాయ సోడాలు తెప్పించుకుని ఓ మూల కూర్చున్నాం. వేదిక మీద నలుగురు కుర్రాళ్ళు పాడుతున్నారు. డ్రమ్ము దెబ్బ చెవికి కాదు, నేరుగా కడుపుకే తగులుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు వేదికకు వీపు పెట్టి నవ్వుకుంటున్నారు, తింటున్నారు, ఫోటోలు తీసుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. పాడేవాడికి వీపు చూపించడమేమిటని ఆటోలో దారిపొడుగునా తిట్టాను. గదికొచ్చి పడుకున్నా ఆ డ్రమ్ము ఆగలేదు. మరుసటిరోజు నేనే వెళ్ళి ఆ పిల్ల తలుపు కొట్టాను.

ఇక రోజూ అదే పని. ఒకరోజు కన్నడ పాటలు పాడే చిన్న హాలు. మా అమ్మ పుట్టిల్లు ఆదోని వైపు కాబట్టి సగం కన్నడం నా నోట్లోనే ఉంది, అక్కడ హాయిగా కూర్చోగలిగాను. ఇంకోరోజు ఒక మేడమీద, పొడుగాటి ఇత్తడి వాయిద్యం ఊదే పెద్దాయన. అక్కడ జనం గ్లాసు కూడా చప్పుడు కాకుండా పెట్టేవారు. కానీ నేను ఎక్కడా కుదురుగా ఉన్నదాన్ని కాదు. ఒక పాట సగంలో ఉండగానే పక్కవీధిలో ఏముందోనని లేచేదాన్ని. నాలుగైదు రోజులు చూసి ఆ పిల్ల అననే అంది. "నువ్వు పాటలు వింటాండావా అక్కా, యాడన్నా పోగొట్టుకున్నదాన్ని ఎతుకుతాండావా?"

ఆమె మాట నిజమే. నేను పాడతాను. డోన్‌లో ఉన్నంతకాలం మా వీధిలో నా పాట లేని పేరంటం లేదు, పెళ్ళయ్యాక ఇటు అత్తగారి ఊళ్ళోనూ అంతే. అందరూ బాగుందంటారు. అనేవాళ్ళందరూ మేనత్తలు, తోడికోడళ్ళు, పక్కింటివాళ్ళు. వాళ్ళ పసుపుకుంకుమలు పుచ్చుకుంటూ వాళ్ళ మెప్పును నమ్మడమెలా? ముప్పై తొమ్మిదేళ్ళొచ్చినా నా గొంతు నిజంగా బాగుంటుందో, మనవాళ్ళ గొంతు కాబట్టి బాగుంటుందో నాకు తెలియదు. నేనెవరో తెలియనివాళ్ళ ముందు ఒక్కసారి పాడి తెలుసుకోవాలి. బెంగళూరులో అడుగడుగునా మైకు చూస్తున్నకొద్దీ ఆ కోరిక నన్ను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు.

ఆరోరోజు అలాంటి చోటే దొరికింది. కాఫీ హోటలు కింద నేలమాళిగ, నలభై కుర్చీలు, ఒక మైకు. ఎవరైనా కాగితం మీద పేరు రాసి ఒక పాట పాడుకోవచ్చు. మూడు రోజుల తర్వాత మళ్ళీ ఉందన్నారు. అంటే మా ట్రైనింగులో తొమ్మిదోరోజు. ఆ మూడు రోజులూ స్నానాల గదిలో సాధన చేశాను. శనక్కాయలు వలిచేటప్పుడు మా అవ్వ పాడే పాట ఎంచుకున్నాను. కడప పిల్లకు వినిపిస్తే, ఆమె చివరిదాకా విని, పైపాదం ఇంకా గట్టిగా ఎత్తుకోమంది.

ఆ సాయంత్రం పేరు రాశాను. నాది ఐదో పేరు. పొట్టిజుట్టు అమ్మాయి ఒకామె ఆ కార్యక్రమం నడుపుతోంది. నాలుగో పాట అయిపోతుండగా కాగితం పట్టుకుని నా కుర్చీ దగ్గరికే వచ్చి, తర్వాత మీరే, పాడతారా అని కన్నడంలో అడిగింది.

నేను తల వంచుకుని నవ్వాను. "అయ్యో, నేనెందుకండీ. ముందు వాళ్ళని పాడనివ్వండి," అన్నాను.

మా వైపు పేరంటంలో పాట అడగడానికొక పద్ధతుంది. మొదటిసారి అడిగితే గొంతు బాగాలేదనాలి. రెండోసారి అడిగితే నాకంటే ఈమె బాగా పాడుతుందని పక్కనున్నామెను చూపించాలి. మూడోసారి ఎవరో ఒకరు చేయి పట్టుకుని లాగుతారు, అప్పుడు పాడాలి. అడగ్గానే ఎత్తుకుంటే, కాచుకొని కూర్చుందని వెనక నవ్వుతారు. పాట ఒక్కటే కాదు, రెండోసారి వడ్డించే అన్నమైనా, పెట్టే చీరైనా ఇదే వరస. వద్దనడం మర్యాద, ఆ వద్దును లెక్కచేయకపోవడం ఎదుటివాళ్ళ మర్యాద.

ఆ అమ్మాయి నా మర్యాదకు మర్యాదగానే తలూపింది. పరవాలేదండీ అని, కాగితం మీద నా పేరు కొట్టేసి, గడ్డం కుర్రాడొకణ్ణి పిలిచింది. అతను గిటారు తీసుకుని ఎక్కాడు. నేనింకా కొంగు సర్దుకుంటూనే ఉన్నాను. రెండోసారి అడగడానికి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. అతని పాట అయింది, ఇంకొకరిదీ అయింది. ఆమె నావైపు తిరగనేలేదు.

"ఏంటికక్కా వద్దంటివి?" అని కడప పిల్ల నా చెవిలో అడిగింది.

"నేను యాడ వద్దంటి? ఊరికే అట్లంటాం గదా."

"ఆయమ్మకెట్ల తెలుస్తాది?"

నాకు కోపం ముంచుకొచ్చింది. ముందు ఆ పొట్టిజుట్టు మీద, మనిషిని బతిమాలడం కూడా తెలియని ఊరు మీద, తర్వాత నా నోటి మీద. ఆ కోపంలో ఉన్నట్టుండి మా నాన్న గుర్తొచ్చాడు.

ఇంటరు అయిపోయిన వేసవిలో, డోన్ స్టేషన్లో బండి కోసం నిలబడి ఉండగా, నన్ను తిరుపతిలో సంగీతం కాలేజీలో చేర్పిస్తానన్నాడు నాన్న. ఫారం కూడా తెప్పించాడు. నేను తల వంచుకుని ఎందుకులే నాన్నా అన్నాను. ఆయన సరేనని ఆ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ అడుగుతాడని వారం రోజులు ఎదురుచూశాను. అడగలేదు. బీయస్సీలో చేరాను. ఇరవై రెండేళ్ళుగా, మా నాన్న నన్ను సంగీతానికి పంపలేదని మా ఆయనతో చెప్పాను, నా పిల్లలతో చెప్పాను. పండక్కి పుట్టింటికి పోయినా ఆయనతో సగం మాటే మాట్లాడతాను. ఆయన చేసింది కూడా ఈ అమ్మాయి చేసిందే కదా. నా మాట నమ్మాడు, అంతే.

ఇక కూర్చోలేకపోయాను. లేచి పోయి ఆ అమ్మాయితో, నేను వద్దన్నది నిజం కాదు, నాకు పాడాలనుంది అన్నాను. మా మర్యాద గురించి వివరించబోతే కన్నడం చాలక ఆగిపోయాను. ఆమెకు ఏం అర్థమైందో గానీ జాలిపడింది. కాగితం మీద పద్నాలుగు పేర్లున్నాయని, తొమ్మిదికి మైకు ఆపేయాలని, వచ్చేవారం తప్పకుండా రమ్మని చెప్పింది. వచ్చేవారం నేను మంగంపేటలో ఉంటానన్నాను. చివరిదాకా గోడ పక్కనే నిలబడ్డాను. మైకు ఆపేసి, వైర్లు చుడుతుండగా, ఆమె నన్ను చూసి చేత్తో వేదిక చూపించింది.

మైకు లేకుండానే పాడాను. సగం జనం అప్పటికే మెట్లెక్కుతున్నారు. పదిమందో పన్నెండుమందో ఆగారు. పైపాదం ఆ పిల్ల చెప్పినట్టే గట్టిగా ఎత్తుకున్నాను. అయిపోయాక చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన మాత్రం కొట్టలేదు. అంతకుముందు వయొలిన్ వాయించినాయన ఆయన. నా దగ్గరికి వచ్చి, గొంతు ఉందమ్మా అన్నాడు. పైకి పోయినప్పుడల్లా శ్రుతి జారుతోందని, సాధన లేదని కూడా అన్నాడు. నమస్కారం పెట్టి పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు.

నాకు కన్నీళ్ళొచ్చాయి. సగం సంతోషం, సగం ఉక్రోషం. ఇరవై రెండేళ్ళలో ఆ రెండో ముక్క నాకెవరూ చెప్పలేదు.

పొద్దున్నే ట్రైనింగుకు పోకముందే నాన్నకు ఫోన్ చేశాను. నేను అంత పొద్దున చేస్తే ఏదో కష్టమనుకుని కంగారుపడ్డాడు. పిల్లలు బాగున్నారని చెప్పి అడిగేశాను.

"నాన్నా, అప్పుడు తిరపతికి పంపిస్తానంటివి. నేను వద్దంటే మళ్ళా ఏంటికి అడగల్యా?"

ఆయన ఎప్పుడో మర్చిపోయి ఉంటాడనుకున్నాను.

"నువ్వు వద్దంటివి గదమ్మా. నీకు ఇష్టంల్యా, బలవంతం చేసేది ఏంటికి అనుకుంటి. ఆ ఫారం శానా దినాలు నా జేబులోనే ఉండె. నువ్వే వచ్చి అడుగుతావేమోనని."

ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఎదురుచూస్తూ అదే ఇంట్లో అదే వారం గడిపామన్నమాట.

"ఇప్పుడన్నా నేర్చుకుంటావా?" అన్నాడు. కడపలో సంగీతం చెప్పే పంతులమ్మ ఒకామె ఆయనకు తెలుసట.

ఇప్పుడెందుకులే నాన్నా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. గట్టిగా పళ్ళు బిగించి దాన్ని మింగేశాను.

"నేర్చుకుంటా నాన్నా," అన్నాను.